సీసా మెడలో చీటీ

ఆ ఏడు ద్రాక్షకోతకు ముందు నాకు జలుబు చేసింది. నాలుగు రోజులుండి పోయింది. పోతూ పోతూ నా ముక్కుకు వాసన పట్టే శక్తిని కూడా వెంటబెట్టుకుపోయింది.

మరొకరి ఇంట్లో ఇది నవ్వుకుని మరచిపోయే సంగతి. మా ఇంట్లో కాదు. ఊరి చివరి వాలు మీద మాకు నలభై వరుసల తీగలున్నాయి. అన్నీ ఒకే రకం. కాయ తొక్క లేత గులాబిరంగు, పిండితే వచ్చేది తెల్లని వైన్. ఆ ద్రాక్ష ప్రాణమంతా తొక్కలోనే ఉంటుంది: గులాబి, అల్లం, పండిన లిచీ, చివర్లో ఏదో మిరియపు గింజ కొరికినట్టు చిన్న చురుకు. నాన్న దాన్ని అత్తరు ద్రాక్ష అనేవాడు. "ఇది మీ అత్త పెంచింది కదా, అందుకే అత్తరు," అని ప్రతి ఏడూ అదే హాస్యం ఆడేవాడు. ప్రతి ఏడూ అత్త, అంటే నాన్న అక్క, ఒక్కతే నవ్వేది కాదు.

ఆ ద్రాక్షకు కొంచెం పొగరు. తీపి ముందు వస్తుంది, వాసన తన తీరికను బట్టి వస్తుంది. తీపి వచ్చింది కదా అని కోస్తే మిగిలేది చక్కెరనీళ్ళు. వాసన వచ్చాక నాలుగు రోజులు నిలుస్తుంది. ఆ నాలుగూ దాటితే పులుపు చచ్చి, పరిమళం బరువెక్కి, గదిలో మరచిపోయిన పూలలా అవుతుంది. ఆ నాలుగు రోజులను పట్టుకోవడమే మా ఇంటి విద్య. ఇరవై ఆరేళ్ళుగా ఆ విద్య అత్తది. తెల్లవారుతూనే ఖాళీ కడుపుతో వాలెక్కి, ఎండ మూడో వరుసను తాకకముందే, గుత్తి తీగ మీద ఉండగానే ఒక కాయ తెంపి, తొక్కతో సహా నమిలేది. కళ్ళు మూసుకునేది. తెరిచి, "ఇంకా లేదు" అనేది. లేదా, "కోయండి" అనేది. కోతకు వచ్చే ముప్పై మందీ ఆమెను చాటుగా ముక్కుగారు అని పిలిచేవారు. ఎప్పుడూ ఏదో రాసుకుంటుంటానని నన్ను మాత్రం ఎదురుగానే పద్యం అనేవారు.

ఆ ఏడు అత్త మోకాలు వాచింది. వాలు ఎక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అత్త నన్ను పిలిచింది.

"నాలుగేళ్ళుగా నా పక్కన నిలబడి నములుతున్నావు. ఈసారి కోత రోజు నువ్వు చెప్పు."

"నేనా?"

"కాదు, నీ వెనకున్న గోడ."

"గుత్తులు కోసుకొస్తాను అత్తా. ఇక్కడే కూర్చుని నువ్వు రుచి చూడు."

"తీగ మీదున్న కాయ నిజం చెబుతుంది, కోడలుపిల్లా. తట్టలోకి వచ్చిన కాయ మర్యాద చెబుతుంది. నాకు మర్యాదతో పని లేదు."

నాన్న తలుపు దగ్గర బూట్లు విప్పుకుంటున్నాడు. "అక్కా, దీనికి పద్యాలు తప్ప ఏమొచ్చు? తీపి కొలిచే మీటరు ఉంది కదా, అది చూసి కోసేద్దాం."

"మీటరుకి ముక్కు లేదురా," అంది అత్త. అంతటితో ఆ మాట తేలిపోయింది.

నలుగురిలో నోరు విప్పడానికి భయపడే మనిషిని నేను. నా గొంతు నాకే వినపడదని నాన్న అనేవాడు. అటువంటి నేను ఒక్క మాట అంటే ముప్పై మంది కదిలే పని, పుట్టాక మొదటిసారి, నా చేతికి వచ్చింది. మూడో రోజున జలుబు వచ్చింది.

జలుబు తగ్గిన మర్నాడు వాలెక్కి మొదటి కాయ నమిలాను. నాలుకకు తీపి తెలిసింది, పులుపు తెలిసింది, పళ్ళ కింద తొక్క తెలిసింది. ఆ పైన ఏమీ లేదు. గడప దాకా వచ్చి లోపలికి రాని చుట్టంలా ద్రాక్ష అక్కడే ఆగిపోయింది. ఇంకొకటి నమిలాను. నాలుగు నమిలాను. కింది నుంచి నాన్న కేక వేశాడు.

"ఏమంటోంది?"

తెలియడం లేదు నాన్నా, అంటే సరిపోయేది. మూడు మాటలు. కానీ రేపటికల్లా ముక్కు వచ్చేస్తుందన్న ఆశ ఒకవైపు, వచ్చిన పని చేజారుతుందన్న భయం మరొకవైపు. నా భుజాన సంచీలో నిరుటి నోటు పుస్తకం ఉంది. కిందటేడు అత్త పక్కన నిలబడి, రోజుకొక పంక్తి చొప్పున, ద్రాక్ష వాసనను అందులో రాసుకున్నాను. పుస్తకం తెరిచాను.

"కోసిన గడ్డి. దూరంగా ఎక్కడో ఒక గులాబి," అన్నాను.

"నిరుడూ ఇలాగే మొదలైంది."

"నిరుటిలాగే," అన్నాను. ఆ ఉదయం నేను పలికిన నిజం అదొక్కటే.

అలా రోజుకొక పుట తిప్పాను. పొద్దున వాలు మీద నాన్నకు చదివిన పంక్తినే సాయంత్రం కుర్చీలో కాళ్ళు చాపుకున్న అత్తకు చదివేదాన్ని. అత్త కళ్ళు మూసుకుని, నేనేదో పాట పాడుతున్నట్టు వినేది. "బాగా పట్టుకున్నావే," అనేది. ఆ మెప్పు నాకు తియ్యగా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉన్నది నేను అబద్ధమాడినందుకు మాత్రమే కాదు. ఆ అబద్ధాన్ని ఇంకా అందంగా ఎలా చెప్పాలా అని దారి పొడవునా ఆలోచించుకుంటూ వాలు దిగినందుకు.

ఆ ఏడు ఎండ నిరుటి ఎండ కాదు. నాలుగో రోజున వేడిగాలి లేచింది. ఐదో రోజున కందిరీగలు గుత్తుల మీద ముసిరాయి. నాన్న టోపీతో వాటిని తోలుతూ అడిగాడు.

"ఈ వేడికి వాసన ముందే వచ్చేసి ఉండదూ?"

నిరుటి పుస్తకంలో అల్లం ఎనిమిదో పుటలో వస్తుంది. నేనింకా ఐదో పుటలో ఉన్నాను.

"ఇంకా లేదు. అల్లం రాలేదు."

"మరి వీటికి వచ్చినట్టుందే."

"కందిరీగలకి తీపి చాలు నాన్నా. వాటికి వాసనతో పనేముంది?"

నాన్న నవ్వాడు. "పద్యానికి మాటకు మాట వచ్చేసిందిరోయ్," అని పక్క వరుసలో ఆకులు తుంచుతున్నవారికి వినిపించేలా అన్నాడు. నన్ను చూసి గర్వపడటం అదే మొదటిసారి.

ఆరో రోజు మధ్యాహ్నం వంటింట్లో పొయ్యి పక్కనే కూర్చుని రాసుకుంటున్నాను. అత్త చేతికర్ర చప్పుడు గబగబా దగ్గరయింది. ఆమె నన్ను దాటుకుని పొయ్యి ఆర్పింది. గిన్నెలో పాలు నల్లటి అట్ట కట్టి ఉన్నాయి. గదంతా పొగ.

"పాలు మాడి ఇల్లంతా కంపెత్తిపోతుంటే, మూరెడు దూరంలో కూర్చుని ఏం వెలగబెడుతున్నావే?"

"ఆలోచనలో ఉన్నాను అత్తా."

"కవులకి ముక్కు ముఖాన ఉండదు కాబోలు."

అత్త నవ్వింది, నేనూ నవ్వాను. చెప్పవలసిన మాట నాలుక చివర దాకా వచ్చింది. వచ్చి, అటూ ఇటూ చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. గిన్నె తోముతూ ఎంతోసేపు నిలబడ్డాను. మాడు వదిలింది గాని, మాట బయటికి రాలేదు.

తొమ్మిదో రోజు పొద్దున, పుస్తకంలో తొమ్మిదో పుట చెప్పినట్టే, "కోయండి" అన్నాను.

కోత రెండు రోజుల్లో ముగిసింది. పిండే యంత్రం దగ్గరికి అత్త కర్ర ఊనుకుంటూ వచ్చింది. రసం ధార కింద అరచెయ్యి పట్టి, ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. మామూలుగా అయితే రెండు క్షణాలు. ఆ రోజు ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. వేళ్ళ సందుల్లోంచి రసం మోచేతి దాకా కారింది. తర్వాత నా వైపు చూసింది. నేను యంత్రం చక్రం వైపు చూశాను.

"ఎలా ఉందక్కా?" అని నాన్న అడిగాడు.

"ఉంది," అంది అత్త. చెయ్యి కడుక్కుని ఇంటికి నడిచింది.

మర్నాడు నేలమాళిగ మెట్లు దిగుతుంటే, నాలుగో మెట్టు మీద, నా ముక్కు తిరిగి వచ్చింది. తడిసిన రాయి. రబ్బరు బూట్లు. నాన్న చొక్కా సబ్బు. ఇల్లు వదిలిపోయిన మనుషులంతా ఒక్కసారే గుమ్మంలోకి వచ్చినట్టు అన్నీ వచ్చాయి. ఆనందంతో మిగతా మెట్లు పరుగున దిగి తొట్టి మూత ఎత్తాను. పూలు తీసేశాక పూలకూజాలో మిగిలిపోయిన నీళ్ళ వాసన వచ్చింది. అల్లం లేదు. గులాబి ఉంది గాని, అది నిన్నటిది. తేలు కుట్టిన దొంగలా మూత నెమ్మదిగా దించి, చప్పుడు కాకుండా పైకి వచ్చేశాను.

ఆ తర్వాత ఏడు వారాలు. ఏడు వారాల్లో నలభై తొమ్మిది పొద్దున్నలు, నలభై తొమ్మిది సాయంత్రాలు. ఎవరూ నా నోరు మూయలేదు.

పైగా ఒక పని చేశాను. సీసా మెడకు దారంతో వేలాడదీసే చీటీ రాయడం ఏటా నా వంతు. ఈ వైన్ ఏ తిండి పక్కన బాగుంటుందో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. తొట్టిలో ఉన్నదేమిటో నా ముక్కుకు తెలుసు. అయినా నిరుటి పుస్తకం ముందేసుకుని, నిరుటి వైన్‌కు తగిన మాటలను, మరింత నగిషీ పెట్టి రాశాను. రాస్తున్నప్పుడు లయ కుదరలేదని ఒక మాట రెండుసార్లు మార్చాను కూడా. చీటీలు అచ్చయి వచ్చాయి.

చలి మొదలవుతుండగా వంటమాస్టారు వచ్చాడు. పట్నంలో ఆయనకు పద్దెనిమిది బల్లల భోజనశాల ఉంది. మా వైన్‌లో సగానికి పైగా ఏటా ఆయనే తీసుకుని, చలికాలపు వంటలన్నీ దాని చుట్టూ అల్లుకునేవాడు. వైన్‌ను విడిగా రుచి చూడటం ఆయన పద్ధతి కాదు. "ఒంటరిగా చూస్తే ప్రతి వైనూ మంచిదే. పక్కన తిండి చేరితేనే కాపురం తెలుస్తుంది," అనేవాడు. బుట్టతో సరుకులు తెచ్చి, మా వంటింట్లో మా పొయ్యి మీదనే, నా చీటీలో ఉన్న వరుసలో వండేవాడు. తిన్నాక చివర్లో అత్తను అడిగేవాడు: "అమ్మా, రోజు ఎవరు చెప్పారు?" అత్త, "నేనే, ఇంకెవరు?" అనేది. ఆయన లేచి ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకునేవాడు. బేరం కుదిరినట్టు.

ఆ రోజు అల్లంతో ఆవిరి పట్టిన చేప, ఎండుమిరపకాయల కోడి, మేకపాల మెత్తని చీజ్ బల్ల మీదికి వచ్చాయి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చీటీ అందుకున్నాడు.

"'అల్లంతో ఉడికిన చేపను చూసి ఈ వైన్, చిన్ననాటి నేస్తం సంతలో ఎదురైనట్టు నవ్వుతుంది.'" చదివి, ఒక ముక్క తిని, ఒక గుక్క తాగాడు. మళ్ళీ తిన్నాడు. మళ్ళీ తాగాడు. "గుర్తుపట్టలేదండీ," అన్నాడు.

నాన్న నవ్వబోయి ఆగిపోయాడు.

"'మిరప ఘాటును చల్లని చేత్తో నిమురుతుంది.'" కోడిముక్క. గుక్క. ఆయన పెదవులు తుడుచుకున్నాడు. "చెయ్యి ఉంది. నిమరడం లేదు. మీద పడింది."

మూడో వాక్యం ఆయన బయటికి చదవలేదు. చీజ్ ముక్కను కత్తి చివర అలాగే వదిలేసి, చీటీ మడిచి, కళ్ళజోడు దాని మీద పెట్టాడు. తెరిచిన కిటికీలోంచి పీపాలు దొర్లిస్తున్న చప్పుడు వినిపించింది.

"అమ్మా," అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు. "రోజు ఎవరు చెప్పారు?"

నాన్న ముఖం నా వైపు తిరగడం మొదలైంది. పూర్తిగా తిరగలేదు.

"నేనే, ఇంకెవరు?" అంది అత్త.

"నువ్వు వాలెక్కలేదు కదక్కా?"

"ఎక్కకపోతే? అది పొద్దున చెప్పిందంతా నేను ముందురోజు సాయంత్రం చెప్పిందే. ఐదో రోజే కోసేద్దామంది పిల్ల. నేనే ఆగమన్నాను." గ్లాసు పక్కకు జరిపింది. "మోకాలు వాచింది కదా, దాంతోపాటు ముక్కు కూడా వాచిందనుకోండి."

నా ఎదుట పళ్ళెంలో అల్లం వాసన, నిమ్మతొక్క వాసన, పెనం అడుగున మాడిన ఉల్లిపాయ వాసన, దేనికది విడివిడిగా తెలుస్తున్నాయి. నా ముక్కు అంత బాగా ఎన్నడూ పనిచేయలేదు. నేను ఉప్పుడబ్బా మూత బిగించాను. విప్పాను. బిగించాను.

వంటమాస్టారు నెమ్మదిగా అన్నాడు. "ఇరవై ఆరేళ్ళలో మీ మాట ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ చలికాలానికి నేను ఇంకోచోట చూసుకుంటాను. వచ్చే ఏటికి మీటరు పెట్టుకోండమ్మా. వయసుకి మన మీద జాలి ఉండదు." ఆయన ఆమె చెయ్యి పట్టుకోలేదు. బుట్ట సర్దుకుని వెళ్ళాడు.

"అయితే ఇకనుంచి మీటరు చూసే కోద్దాం," అన్నాడు నాన్న, బల్ల వైపు చూస్తూ.

"నీ ఇష్టంరా," అంది అత్త. ఆ ఇంట్లో ఆమె నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు. అందరం లేచాక కూడా ఆమె కూర్చునే ఉంది. రొట్టె చివరి ముక్క, అలమారలోని గట్టి ఉప్పు చీజ్ తెచ్చుకుని, కొరుక్కుంటూ తన గ్లాసు అడుగంటా తాగింది.

మూడు రోజులు ఓర్చాను. నాలుగో రోజు పొద్దున నోటు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అత్త వెల్లుల్లి వలుస్తోంది.

"ముక్కు వచ్చిందా?" అంది తల ఎత్తకుండా.

"నీకెప్పుడు తెలిసింది అత్తా?"

"రసం చేతిలో పట్టుకున్నప్పుడు. అప్పుడు గుర్తొచ్చాయి మాడిన పాలు. ఆ రోజే పట్టుకోవాల్సింది నేను. పాల కంపు తెలిసింది గాని, నీకది తెలియడం లేదని తెలియలేదు. తప్పు నాది కూడా. జబ్బు చేసిన పిల్లని నలుగురిలో నిలబెట్టి అడుగుతామా? పోనీలే." ఒక రెబ్బ గిన్నెలో వేసింది. "ఎప్పుడు వచ్చింది?"

నిన్న, అంటే చాలు. ఆమె క్షమించడానికి సిద్ధంగా ఉంది. ఆ ఒక్క మాటతో అన్నీ సర్దుకుపోయేవి.

"పిండిన మర్నాడు," అన్నాను.

కత్తి ఆగింది.

"అంటే చీటీ రాసేటప్పటికి..."

"వచ్చేసింది."

"బల్ల దగ్గర?"

"అన్నీ తెలుస్తున్నాయి అత్తా. అల్లం, నిమ్మతొక్క, అన్నీ."

అత్త కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటుంది. అది వస్తుందని తల వంచుకుని నిలబడ్డాను. వస్తే బాగుండుననిపించింది. రాలేదు.

"ముక్కు లేని పిల్లని కాపాడాననుకున్నాను," అంది. మళ్ళీ కత్తి కదిలింది. రెండు రెబ్బలు వలిచాక, గిన్నెతో చెబుతున్నట్టు అంది. "మీ నాన్న షెడ్డులో పీపాలు కడుగుతున్నాడు."

షెడ్డు దాకా నలభై అడుగులుంటాయి. నాన్న నీళ్ళ గొట్టం కట్టేసి, నేను చెప్పిందంతా విన్నాడు. మొదటి పంక్తి నుంచి, కందిరీగల దాకా, చీటీ దాకా. కందిరీగల దగ్గర మాత్రం ఆయన కళ్ళు ఒక్కసారి మూసుకున్నాయి.

"వంటమాస్టారికి ఎవరు చెబుతారు?"

"నేనే."

"ఫోన్‌లో కాదు."

"కాదు."

నాన్న మళ్ళీ నీళ్ళు వదిలాడు.

మర్నాడు మొదటి బస్సులో పట్నం వెళ్ళాను. భోజనశాల ఇంకా తెరవలేదు, కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. వంటమాస్టారు ఉల్లిపాయలు తరుగుతూ విన్నాడు. కూర్చోమనలేదు. అంతా అయ్యాక చాలాసేపు తరిగాడు.

"నీ రాత బాగుంటుందమ్మాయ్," అన్నాడు చివరికి. "చిక్కంతా అక్కడే వచ్చింది." తరిగినవి గిన్నెలోకి తోశాడు. "ఈ ఏటి వైన్ నాకు వద్దు. ఆ మాట మారదు. మీ అత్తగారితో మాత్రం చెప్పు. వచ్చే ఏడు వస్తాను, నా ప్రశ్న అడుగుతాను. జవాబు ఆవిడే చెప్పాలి."

ఇంటికి వచ్చి అచ్చయిన చీటీలన్నీ పొయ్యిలో వేశాను. కొత్తది రాయడానికి కూర్చుంటే ఒక్క పోలికా రాలేదు. ఆ ఏడు నాకు జరిగిన మేలేదైనా ఉంటే అదొక్కటే. సాయంత్రం కాగితం తీసుకెళ్ళి అత్త ఒడిలో పెట్టాను. అందులో ఇలా ఉంది:

ఈ ఏడు ఈ వైన్‌లో పూల వాసన తక్కువ. కోత నాలుగు రోజులు ఆలస్యమైంది. రోజు చెప్పింది ఈ చీటీ రాసిన మనిషి. దీని పక్కన ఏమి తినాలో తెలియదు.

అత్త రెండుసార్లు చదివింది. నా చెవి మీదున్న పెన్సిలు లాగింది. చివరి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద తన వంకర అక్షరాలతో రాసి, కాగితం నా చేతిలో పెట్టి, మోకాలు నొక్కుకుంటూ లేచింది. ఆ ఏటి సీసాలన్నింటి మెడల్లోనూ నా మూడు వాక్యాల కింద ఆమె మాటలే వేలాడాయి:

ఉప్పటిది ఏదైనా సరే. తీపి మాటలు వద్దు.